గడ్డి మీద నాలుగు అడుగులు: పావుకోళ్ల ముచ్చట

(హన్మకొండలో ఒక సాయంత్రం చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాను, తడబడ్డ చోట్ల మాత్రం సరిచేశాను.)

అందరికీ నమస్కారం.

మాట మొదలుపెట్టే ముందు ఈ బట్టసంచి విప్పుతాను. వెనక కూర్చున్నవాళ్లకు కనపడకపోతే తర్వాత దగ్గరికొచ్చి చూడండి. చేత్తో పట్టుకోండి, పాడవుతాయన్న భయం పెట్టుకోకండి. ఇవి పావుకోళ్లు. కొందరు పాంకోళ్లు అంటారు. ఆదిలాబాద్ దాటి మరాఠీ మాట వినబడే ఊళ్లకు పోతే ఖడావులు అంటారు. పురాణాల్లో పాదుకలు. ఇది టేకు కట్టె. చేసింది మా తాత. మాది వడ్ల ఇల్లు, అంటే వడ్రంగులం, ఊరు పరకాలకు అవతల.

చూడండి, పైన పాదం ఆకారంలో పలక. కింద ముందొకటి, మడమ దగ్గరొకటి, అడ్డంగా రెండు దిమ్మెలు. పలక నేలకు తగలదు, ఆ దిమ్మెల మీదే నిలబడుతుంది. ముందువైపు ఈ గుబ్బ ఉంది కదా, దీన్ని బొటనవేలు, పక్కవేలు కలిసి పట్టుకోవాలి. పట్టీ లేదు, తాడు లేదు. కాలికీ కట్టెకూ ఉన్న సంబంధమంతా ఆ రెండు వేళ్ల పట్టులోనే ఉంది. ఇవాళ మనందరి ఇళ్లలో ఉన్న హవాయి చెప్పు పట్టీ పట్టేది కూడా సరిగ్గా అక్కడే.

పలక, దిమ్మెలు ఒకే మొద్దులోంచి బాడిసెతో చెక్కి తీస్తారు. గుబ్బ మాత్రం విడిగా చేస్తారు. ఎందుకో మా నాయిన నాకొక విరిగిన ముక్క చేతిలో పెట్టి చెప్పాడు. కట్టెలో నార పొడుగునా పోతుంది. పలకలోంచే గుబ్బ కూడా చెక్కితే ఆ నార గుబ్బకు అడ్డం పడుతుంది, నాలుగు రోజులకే పుటుక్కున విరుగుతుంది. అందుకే నార నిలువుగా ఉన్న ముక్కను గుండ్రంగా చేసి, పలకకు బర్మాతో చిల్లు వేసి, బిగువుగా దిగ్గొడతారు. ఎండలకు కట్టె ఎండి గుబ్బ వదులైతే కింద నుంచి సన్నటి చీల కొట్టి మళ్లీ బిగిస్తారు. పనిలో కష్టమంతా ఈ గుబ్బ దగ్గరే. లావైతే వేళ్లు ఒరుసుకుపోతాయి, సన్నగైతే పట్టు దొరకదు. తొడిగేవాళ్ల వేళ్ల సందు తెలియకుండా మంచి గుబ్బ చేయలేం.

ఇక వీటి నడక. వీటితో పరుగెత్తలేం. బురదలో దిగలేం. నెత్తిన మోపు పెట్టుకుని నడవలేం. ఒక్కో అడుగు చూసుకుని వేయాలి, వేసిన ప్రతి అడుగూ చప్పుడు చేస్తుంది. ఇలా బల్ల మీద కొడితేనే వినండి. టక్... టక్. గచ్చు మీదైతే వాకిలి దాకా వినబడుతుంది.

ఇవాళ నేను మాట్లాడాలనుకున్నది ఈ చప్పుడు గురించే. కట్టె చెప్పు ఎవరు తొడిగారు, ఎక్కడ తొడిగారు అన్నది పుస్తకాల్లో దొరుకుతుంది. ఆ చప్పుడు చేసే హక్కు ఎవరిది అన్నది మాత్రం మా ఇంట్లో మా తాత దగ్గర నేర్చుకున్నాను. ఆయన దగ్గరికి చివర్లో వస్తాను. ముందు కొంచెం లోకం తిరిగొద్దాం.

చాలామందికి కట్టె బూట్లు అనగానే హాలండ్ గుర్తొస్తుంది. పసుపు రంగు పూసి, పూలు వేసి, బొమ్మల్లాగా అమ్మే బూట్లు. వాటిని అక్కడ క్లొంపెన్ అంటారు. అసలైతే అవి రైతు బూట్లు. ఆ దేశంలో చాలా చోట్ల నీళ్లు తోడి సంపాదించుకున్న పల్లపు నేల, ఏడాది పొడుగునా తడి. తోలు బూటు ఆ తడికి నాని కుళ్లిపోతుంది. అందుకని అక్కడి వడ్రంగులు విల్లో, పాప్లర్ లాంటి మెత్తటి చెట్ల కట్టె తీసుకుని, పచ్చిగా ఉన్నప్పుడే లోపల డొల్లగా తొలిచి, తర్వాత ఆరబెడతారు. పాదం మొత్తం లోపలికి పోతుంది. తడి రాదు, చలి రాదు, ఆవు కాలు తొక్కినా వేళ్లు నలగవు. అమ్‌స్టర్‌డామ్‌లో తవ్వకాల్లో దొరికిన ఒక కట్టె బూటు సుమారు 1230 నాటిది. ఆ లెక్కన మన రుద్రమదేవి పాలనకు ముప్పై ఏళ్ల ముందుది.

జపాన్ కథ మనకు ఇంకా దగ్గరిది, ఎందుకంటే అది వరి మడి కథ. షిజువొకా నగరంలో టోరో అనే చోట 1943లో ఒక పాత పల్లె బయటపడింది. యాయోయి కాలం అంటారు, జపాన్‌లో వరిసాగు పాతుకుపోయిన కాలం. అక్కడ దొరికిన వస్తువుల్లో టా-గెటా అనే వెడల్పాటి కట్టె పలకలున్నాయి. 'టా' అంటే మడి. బురద మడిలో దిగబడకుండా కాళ్లకు కట్టుకునేవి. తర్వాతి కాలంలో వీధుల్లో తొడిగిన గెటాలు వేరే, వాటికి కూడా మన పావుకోళ్లలాగే కింద రెండు అడ్డ దిమ్మెలుంటాయి. జపాన్‌వాళ్లకు ఆ గెటా చప్పుడుకు ఒక మాటే ఉంది, కరన్ కొరొన్. మనం టకటక అన్నట్టు. ఇక సిరియా, తుర్కీ వైపు స్నానశాలల్లో తడి రాళ్ల మీద జారకుండా తొడిగే ఎత్తు కట్టె చెప్పులను కబ్‌కాబ్ అంటారు. వాటి మీద ముత్యపు చిప్పల నగిషీ కూడా చేస్తారు. ఆ పేరులోనే చప్పుడుంది చూడండి.

ఇంగ్లండులో లాంకషైర్ అని ఒక ప్రాంతం. నూలు మిల్లులకు పుట్టినిల్లు. అక్కడి మిల్లు కార్మికులు తోలు పైభాగం, ఆల్డర్ కట్టె అడుగు ఉన్న క్లాగులు తొడిగేవారు. అడుగు అరిగిపోకుండా గుర్రపు లాడంలాగా ఇనుప పట్టీ కొట్టించేవారు. తెల్లవారుజామున వేలమంది పనికి పోతుంటే రాళ్లు పరిచిన వీధుల్లో ఆ ఇనుము, కట్టె కలిసి చేసే మోత ఊరంతా వినబడేది. వరంగల్‌లో 1934లో మొదలైన ఆజం జాహి మిల్లు సైరన్ చెవిలో ఇంకా ఉన్న పెద్దవాళ్లు ఈ సభలో ఉన్నారు. సైరన్ మోగింది అంటే గంటెంతయిందో, ఎవరి ఇంట్లో ఎవరు లేస్తారో తెలిసేది కదా. లాంకషైర్‌లో కార్మికుల కాళ్లే ఆ సైరన్.

ఫ్రాన్స్ ముచ్చట ఒక్క నిమిషంలో చెబుతాను. అక్కడ కట్టె బూటును సాబో అంటారు. పేదవాళ్ల బూటు. కార్మికులు కోపంతో సాబోలు మిషన్లలో పడేశారు, అందుకే సబోటేజ్, అంటే కావాలని పని చెడగొట్టడం, అనే మాట పుట్టింది అని ఒక కథ బాగా తిరుగుతుంది. వినడానికి బాగుంటుంది కానీ నిలబడే ఆధారం లేదు. సాబోలు తొడుక్కుని ధడధడా నడవడాన్ని, దాన్నిబట్టి మొరటుగా పనిచేయడాన్ని ఫ్రెంచి వాడుకలో సబోటే అనేవారు. 1897లో తులూజ్‌లో జరిగిన కార్మిక సంఘాల మహాసభలో ఎమీల్ పూజే వంటి కార్మిక నాయకులు ఆ మాటను పోరాటపు మాటగా చేశారు. చెడ్డ కూలికి చెడ్డ పని అన్న అర్థంలో.

ఇప్పుడు మన వైపు తిరుగుదాం. హాలండ్‌లో, జపాన్ మడిలో, లాంకషైర్‌లో కట్టె చెప్పు పనిచేసేవాళ్ల కాళ్లకు ఉంది. మన దగ్గర ఎక్కువగా పని ముట్టనివాళ్ల కాళ్లకు ఉంది. సాధువులు, స్వాములు, పూజారులు, పీఠాధిపతులు, పెద్ద ఇళ్ల యజమానులు. ఎందుకిలా అయింది?

పావుకోళ్ల గుబ్బ నరాలను నొక్కుతుంది, అందుకే మన పూర్వీకులు తొడిగారు అని ఈ మధ్య ఫోన్లలో మెసేజీలు వస్తున్నాయి. నేను ఒప్పుకోను. ఆరోగ్యమే కారణమైతే పొద్దంతా కాళ్ల మీద నిలబడే కూలి మనిషికి ముందు ఇచ్చి ఉండాలి. అసలు కారణం మడి ఆచారం. తోలు చచ్చిన పశువుది, అంటు అన్నారు. తోలు ముట్టినవాణ్ని ఊరవతల పెట్టారు. తోలు ముట్టకుండా, నేల ముట్టకుండా నడవాలనుకున్నవాళ్లకు కట్టె దొరికింది. పావుకోళ్లు చూసినప్పుడల్లా అందులో లేని తోలు కూడా మనకు కనబడాలి. చెప్పులు కుట్టే మనిషి ఊరికి దూరంగా ఎందుకున్నాడో ఈ కట్టె చెబుతుంది.

బౌద్ధంలో దీని గురించి ఒక చక్కటి ఘట్టం ఉంది. ధూళికట్ట బౌద్ధ స్తూపం మన పెద్దపల్లి జిల్లాలోదే కాబట్టి బౌద్ధం మనకు పరాయిది కాదు. భిక్షువుల నియమాలు చెప్పే వినయ పిటకంలో, మహావగ్గం అనే భాగంలో ఉంది ఇది. ఆరుగురు భిక్షువుల జట్టు ఒకటి ఉండేది, ఎప్పుడూ ఏదో ఒక ఆగడం చేసేవాళ్లు. వాళ్లు తెల్లవారకముందే లేచి, కట్టె పాదుకలు తొడుక్కుని, ఆరుబయట గట్టిగా కబుర్లు చెప్పుకుంటూ అటూ ఇటూ తిరిగారట. రాజుల ముచ్చట్లు, దొంగల ముచ్చట్లు. కాళ్ల కింద పురుగులు చచ్చాయి, ధ్యానంలో ఉన్నవాళ్ల ధ్యానం చెదిరింది. బుద్ధుడి దాకా ఫిర్యాదు పోయింది. భిక్షువులు కట్టె పాదుకలు తొడగకూడదని ఆయన నియమం పెట్టాడు. ఆ పాళీ పాఠంలో ఆ చప్పుడుకు వాడిన మాట ఏంటో తెలుసా? ఖటఖట. రెండు వేల ఏళ్లు దాటినా ఆ మాటలో మనకు ఆ తెల్లవారుజాము వినబడుతుంది. నాకు ఇందులో నచ్చింది ఇది: బుద్ధుడు తోలు మానమనలేదు. అంతకుముందు సోణుడనే సుకుమార భిక్షువు పాదాలు నడిచి నడిచి నెత్తురోడితే ఒక్క పొర చెప్పులు తొడుక్కోమని అనుమతి ఇచ్చాడు. కట్టెను కాదన్నది చప్పుడు కోసం, కింద నలిగే ప్రాణం కోసం. అంటు అన్న మాటే అక్కడ రాలేదు.

రామాయణం చెప్పకుండా పాదుకల మాట పూర్తి కాదు. చిత్రకూటంలో భరతుడు అన్నను ఎంత బతిమిలాడినా రాముడు రానన్నాడు. అప్పుడు భరతుడు పాదుకలు ముందు పెట్టి, వీటి మీద ఒక్కసారి కాళ్లు పెట్టమన్నాడు. రాముడు ఎక్కి, దిగి, ఇచ్చేశాడు. అంతే, రెండు క్షణాలు. భరతుడు వాటిని నెత్తిన పెట్టుకుని వెళ్లి, నందిగ్రామంలో సింహాసనం మీద ఉంచి, గొడుగు పట్టించి, పద్నాలుగేళ్లు ప్రతి రాజకార్యం వాటికే విన్నవించాడు. వాల్మీకి వాటిని 'హేమభూషితే' అన్నాడు, అంటే బంగారంతో అలంకరించినవి. కట్టెవి అని మన ఊహ. కానీ ఎంత బలమైన ఊహ! ఊరూరా నాటకాల్లో, పటాల్లో భరతుడి నెత్తిన ఉన్నవి పావుకోళ్లే.

ఆ ఆచారం మనలో చాలామంది నెత్తి మీదకు కూడా వచ్చింది. గుడిలో పూజారి మన తల మీద పెట్టే శఠగోపం పైన ఉన్నవి ఏమిటి? విష్ణుపాదుకలు. వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారుకు శఠకోపుడని ఇంకో పేరు, ఆయన స్వామి పాదాల దగ్గరే ఉన్నాడన్న భావన. పద్నాలుగో శతాబ్దంలో వేదాంత దేశికులు శ్రీరంగనాథుడి పాదుకల మీద ఏకంగా వెయ్యి ఎనిమిది శ్లోకాలు రాశారు. మరాఠా దేశంలో ఆషాఢంలో పండరిపురానికి నడిచేవాళ్లు జ్ఞానేశ్వరుడి పాదుకలను ఆళంది నుంచి, తుకారాం పాదుకలను దేహు నుంచి పల్లకిలో మోస్తారు. మనిషి పోయాక మిగిలిన నడకను మోయడం అది. దాని ముందు నాకు చేతులు వాటంతటవే జోడించుకుంటాయి.

రామప్ప గుడికి పోయినవాళ్లకు ఒక మదనిక బొమ్మ గుర్తుండాలి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో గుర్తించిన గుడి. అక్కడి నల్లరాతి మదనికల్లో ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్నాయి. గైడ్లు తప్పకుండా చూపిస్తారు, అమ్మాయిలు ఫోటోలు తీసుకుంటారు. రాతిలో అది కట్టెనో తోలో తేల్చలేం. కానీ ఎనిమిది వందల ఏళ్ల కింద ఒక శిల్పి ఒక ఆడమనిషి కాళ్లకు చెప్పులు చెక్కి, ఆమెను దర్జాగా నిలబెట్టాడు. అదే నేల మీద ఏడు వందల ఏళ్ల తర్వాత ఏం జరిగిందో ఇప్పుడు చెబుతాను.

మా తాత గడి వెట్టి చేశాడు. గడి అంటే ఇప్పటి పిల్లలు పాత కోట అనుకుంటారేమో. దొర ఇల్లు. నాగళ్లు, బండ్లు, తలుపులు, మంచాలు, అన్నీ కూలి లేకుండా చేసిపెట్టాలి. చాకలి, మంగలి, కుమ్మరి, చెప్పులు కుట్టేవాళ్లు, అందరిదీ అదే బతుకు. గడి ముందు నుంచి పోవాలంటే కాళ్ల చెప్పులు విప్పి చంకలో పెట్టుకోవాలి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక లేచిన తెలంగాణ రైతాంగ పోరాటం ఏ బతుకు మీద లేచిందో, ఆ బతుకు ఇది.

ఒకసారి దొరకు పావుకోళ్లు కావాలన్నారు. ములుగు అడవి టేకు గడిలోనే ఉంది. కొలత కోసం దొర పాదం ముట్టుకునే వీలు లేదు, గచ్చు మీద తడి అడుగు పడితే దాన్ని పుల్లతో కొలుచుకొచ్చాడట తాత. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు అడిగాను, "తాతా, నువ్వు తొడిగి చూసినవా?" అని. ఆయన కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు.

"తొడగకుంటే గుబ్బ కుదిరిందో లేదో ఎట్ల తెలుస్తది బిడ్డా? కొట్టం తలుపేసుకున్న. కింద గడ్డి పరిచిన, సప్పుడు ఇనబడొద్దని. నాలుగు అడుగులు ఏసిన."

"మంచిగున్నయా?"

"ఎడమ దాని గుబ్బ కొద్దిగ లావున్నది. మళ్ల చెక్కిన."

అంతే ఆయన చెప్పింది. పని గురించే చెప్పాడు. ఆ గడ్డి సంగతి మాత్రం నన్ను ఇప్పటిదాకా వదలలేదు. తన చేత్తో చేసిన వస్తువు, తన కాలి కింద చప్పుడు చేయకుండా గడ్డి పరుచుకున్న మనిషి. ఆ తర్వాత అదే జత గడి వసారాలో టకటకమంటే పనివాళ్లు ఎక్కడివాళ్లక్కడ లేచి నిలబడేవాళ్లట. లాంకషైర్‌లో వేలమంది కాళ్లు చేసిన చప్పుడు మా ఊళ్లో ఒక్క మనిషిది.

గడి కూలింది. దొర కుటుంబం పట్నం పోయింది. 1970లలో దూలాలు, తలుపులు అమ్మితే మా నాయిన కట్టె కొనడానికి పోయాడు. చెత్తలో ఈ జత కనబడింది. చూడగానే తన తండ్రి చేతి పని అని పట్టాడు. ఎడమ గుబ్బ కుడి దానికంటే ఒక నూలు సన్నం. రూపాయో, రెండు రూపాయలో ఇచ్చి తెచ్చాడు.

ఆ ఏడాది మా ఊళ్లో చిరుతల రామాయణం ఆడారు. మన కరీంనగర్, వరంగల్ పల్లెల్లో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. నెల రోజులు రాత్రిళ్లు నేర్చుకుని, చేతుల్లో చిరుతలు పట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ ఆడే ఆట. భరతుడి వేషం చెప్పులు కుట్టే ఇంటి అబ్బాయికి వచ్చింది. గొంతు బాగుంటుందని గురువు ఎంచాడు. పాదుకలు కావాలంటే మా నాయిన ఇవే ఇస్తానన్నాడు. మా అమ్మకు నచ్చలేదు. "దొర తొక్కినయి ఆ పిలగాని నెత్తి మీద పెడ్తవా?" అంది.

నాయిన ఏం అనలేదు. మర్నాడు పొద్దున కొట్టంలో కూర్చుని పావుకోడును ఒళ్లో తిప్పి చూశాడు. ఏళ్ల తరబడి తొడిగితే కట్టె మీద మడమ దగ్గర, బొటనవేలి దగ్గర గుంట పడుతుంది, నూనె పట్టినట్టు నల్లగా అవుతుంది. ఆ నలుపు పోయేదాకా బాడిసెతో చెక్కాడు. తర్వాత చిత్రిక పట్టాడు. కింద సన్నటి పొట్టు రాలుతుంటే నేను పోగుచేశాను. పాతికేళ్లు దాటిన కట్టె, లోపలి నుంచి అప్పుడే కోసినట్టు టేకు వాసన వచ్చింది. పైన బంగారు రంగు జిగేలు కాగితం అంటించాడు. 'హేమభూషితే' అన్న మాట ఆయనకు తెలియదు. రాముడి చెప్పులు బంగారువి అని మాత్రం తెలుసు.

ఆట రోజు రాత్రి ఆ అబ్బాయి వీటిని నెత్తిన పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని, ఏడుస్తూ పాడాడు. వేషం కోసం ఏడ్చాడో, నిజంగానే ఏడుపు వచ్చిందో నేనెప్పుడూ అడగలేదు. మా తాత ముందు వరుసలో గొంగడి మీద కూర్చున్నాడు. చుట్టూ నలభై చేతుల్లో చిరుతలు మోగుతున్నాయి. అవి కూడా మా కొట్టంలో చేసిన కట్టెవే.

కాగితం ఎప్పుడో ఊడిపోయింది. ఇప్పుడు మీరు ఒక్కొక్కరు వచ్చి చూడండి. ఇక్కడ, గుబ్బ పక్కన, బొటనవేలు ఆనే చోట చేయి పెట్టండి. మిగతా పలకకంటే పలచగా తగులుతుంది. నాయిన చెక్కింది అక్కడే.